మరవ పారిన ఏడాది ఖాళీ పేజీలు: అనంతపురం జిల్లాలో ఒక ఊరి నీటి లెక్క

ఈ కేసు మొత్తం ఒక లెడ్జరు పుస్తకంలో ఉంది. ఎర్ర గుడ్డ అట్ట, కిరాణా కొట్లలో అప్పు ఖాతాకు వాడే రకం. కళ్యాణదుర్గం దాటి రాయదుర్గం వైపు పోయే దారిలో ఒక పల్లె, ఆ పల్లెలో పాలకేంద్రం, అందులో గోడగూడు. పుస్తకం ఉండేది అక్కడ. ఊళ్లో ఎంచుకున్న పన్నెండు బోర్లలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో పదిహేను రోజులకొకసారి అందులో రాస్తారు. 2012 జూన్‌లో మా స్వచ్ఛంద సంస్థ, ఊరివాళ్లు కలిసి మొదలుపెట్టాం. ఎనిమిదేళ్లకు పైగా ఒక్క పక్షం తప్పలేదు. 2020లో లాక్‌డౌన్ పెట్టి మేమెవరం ఊరు దాటలేని రోజుల్లో కూడా అంకెలు పడ్డాయి. ఆ ఏడు నవంబరు నుంచి 2023 ఆగస్టు దాకా మాత్రం పేజీలు ఖాళీ. ఎవరో పిల్లవాడు ఒక పేజీలో ట్రాక్టరు బొమ్మ గీశాడు, అంతే.

ఆ ఖాళీ పేజీల గురించే ఈ రాత. చెరువు నిండి మరవ, అంటే అలుగు, మీదుగా నీళ్లు పొర్లిన కాలపు పేజీలవి. మా రంగంలో కేస్ స్టడీ అంటే విరాళాలిచ్చేవాళ్లకు పంపే గెలుపు కథ. అలాంటివి నేనూ చాలా రాశాను. ఇది మాత్రం నాలాగా ఊళ్లు తిరిగే కార్యకర్తల కోసం, సంస్థలు నడిపేవాళ్ల కోసం రాస్తున్నా. ఊరి పేరు, మనుషుల పేర్లు, మా సంస్థ పేరు చెప్పను. ఊరివాళ్లు అదే కోరారు.

ముందు నేల సంగతి. అనంతపురం పడమటి కనుమల వాననీడలో ఉంది. నైరుతి మేఘం ఇక్కడికి వచ్చేసరికి వట్టిపోతుంది, ఈశాన్యపు వాన తీరం దాటి ఇంత లోపలికి పెద్దగా రాదు. ఏడాది సగటు 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. కింద గ్రానైటు లాంటి గట్టి రాయి. పైన కొన్ని మీటర్లు చివికిన రాయి, దాని కింద అక్కడక్కడా పగుళ్లు. మన బోర్లన్నీ బతికేది ఆ చివికిన రాతి మీద, ఆ పగుళ్ల మీద. కోస్తా డెల్టాలో ఉన్నట్టు ఇసుక పొరల్లో ఊరిన నీళ్లు ఇక్కడ లేవు.

భూగర్భ జలాల అంచనాకు 1997లో దేశమంతటికీ ఒక పద్ధతి ఖరారు చేశారు. చివికిన గ్రానైటు నేలల్లో పడ్డ వానలో 8 నుంచి 11 శాతం లోపలికి ఇంకుతుందని అందులో లెక్క. అంటే 550 మిల్లీమీటర్ల వానలో భూమికి చేరేది యాభైకి కాస్త అటూఇటూ. ఆ రాతిలో నీళ్లు పట్టే జాగా ఇంకా తక్కువ, నూటికి ఒకటిన్నర నుంచి మూడు పాళ్లు. రెండు పాళ్లనుకుంటే, ఏడాది వానంతా కలిసి నీటిమట్టాన్ని పైకి తెచ్చేది రెండున్నర మీటర్లు. ఇదే రాయి ఇంకో పని కూడా చేస్తుంది. జాగా తక్కువ కాబట్టి ఒక పెద్ద వానకు మట్టం గబగబా పైకొస్తుంది, తోడితే అంతే గబగబా దిగుతుంది. చూసేవాళ్లకు బోరు నిండినట్టు కనిపిస్తుంది. నిండింది బాన కాదు, చెంబు. ఈ కేసులో జరిగిన నష్టమంతా ఈ ఒక్క ముక్క దగ్గరే జరిగింది, అందుకే ఇంత విడమరిచి చెప్తున్నా.

పద్ధతి మేం కనిపెట్టింది కాదు. నెదర్లాండ్స్ సాయంతో 1995 నుంచి 2003 దాకా నడిచిన ఏపీవెల్ అనే బోర్ల సాగునీటి పథకం తర్వాత, 2003లో ఏపీఫామ్స్ అనే కార్యక్రమం మొదలైంది. రైతులే భూగర్భ జలాలను కొలిచి, రైతులే యాజమాన్యం చేసుకోవాలన్నది దాని ఉద్దేశం. ఆళ్లగడ్డ కేంద్రంగా పనిచేసే బర్డ్స్ అనే సంస్థ మిగతా సంస్థల్ని కలుపుకుని, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఏడు కరువు జిల్లాల్లో నడిపింది. అనంతపురం, కర్నూలు, కడప మూడూ అందులో ఉన్నాయి. అక్షరాలు అంతంతమాత్రం వచ్చిన రైతులు కూడా వానమాపకం చదివారు, బోరు లోతు కొలిచారు, రబీకి ముందు కూచుని ఉన్న నీళ్లెన్ని, వేయబోయే పంటలకు కావాల్సినవెన్ని అని లెక్క కట్టారు. ఏ రైతునూ ఫలానా పంట వెయ్యొద్దని అనలేదు. లెక్క గోడ మీద రాసి పెట్టారు, అంతే. నేను చూసిన ఊళ్లలో ప్రాజెక్టు వెళ్లిపోయాక చాలాచోట్ల ఆ గోడలకు సున్నం పడింది. మనం చేసేది అలా కాకూడదని 2012లో గట్టిగా అనుకున్నాం. మా గోడకూ సున్నం పడింది. ఎలా పడిందో చెప్తా.

మా సంస్థను పెట్టింది ఒక మహిళ. అందరం అక్క అంటాం, ఊళ్లవాళ్లూ అక్కే అంటారు. ఈ జిల్లాకు అలాంటి మనుషులు కొత్త కాదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడికి వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్‌డీటీ) పెట్టి, 2009లో కన్నుమూసే దాకా అనంతపురంలోనే ఉన్నారు. 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీటి నేలలో టింబక్టు కలెక్టివ్ మొదలైంది. తర్వాత చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నిప్పు నుంచి, నరుకుడు నుంచి కాపాడిన వేల ఎకరాల గుట్టలు కల్పవల్లి అడవి అయ్యాయి. పని చేసేచోటే కాపురం ఉండాలన్న పాఠం అక్క అలాంటివాళ్లను చూసే నేర్చుకుంది. పట్నంలో ఆఫీసు తీసుకోమని బోర్డులో ఎంతమంది చెప్పినా వినలేదు. మండల కేంద్రంలో రెండు గదుల ఇల్లు, దాని ముందు వేపచెట్టు, అదే ఆఫీసు.

మొదటి నీటి లెక్క సభ 2012 అక్టోబరు చివర్లో, స్వాతి కార్తెలో పెట్టాం. వానాకాలం అయిపోయి రబీ మొదలు కాబోయే సమయం అదే. నేను భూగర్భ శాస్త్రం చదివి వచ్చినవాణ్ని. చార్టులు రంగుపెన్నులతో రాసుకుపోయాను. రచ్చకట్ట మీద నలభై మంది కూచున్నారు. క్యూబిక్ మీటర్లు, శాతాలు, వాలు, పరీవాహకం అంటూ ముప్పావు గంట చెప్పాను. ఒక్కరూ మాట్లాడలేదు. చివర్లో ఒక పెద్దాయన లేచి, "బాగా సెప్పినావప్పా, ఇంగ బోర్లెప్పుడు ఏపిస్తారు మీ సంస్థోళ్లు?" అన్నాడు.

అక్క నా చేతిలోంచి చార్టు తీసుకుని చుట్టి పక్కన పెట్టింది. ఒక ఇంట్లోంచి గుప్పెడు వడ్లు, చేటెడు శెనక్కాయలు తెప్పించింది. ఆ పెద్దాయన్నే పిలిచి, "పెద్దాయనా, ఈడ ఒక్క వడ్లగింజ పెట్టు. ఇది నీ ఎకరా వరిమడి అనుకో. దాని సుట్టూ ఇరవై నాలుగు శెనక్కాయలు పరువు" అంది. ఆయన పరిచాడు. "ఈ ఇరవై నాలుగు ఎకరాల్లో ఏడాదంతా పడిన వానలో భూమిలోకి దిగిన నీళ్లన్నీ తోడితే, నీ ఒక్క ఎకరా వరి పండుతుంది. ఆ ఇరవై నాలుగు ఎకరాలు ఎవరివి?" అని అడిగింది.

లెక్క నేనిచ్చిందే. ఎకరాకు నాలుగు వేల చదరపు మీటర్లు, యాభై మిల్లీమీటర్ల ఇంకుడంటే రెండు లక్షల లీటర్లు. వరికి 1200 మిల్లీమీటర్లు, అంటే ఎకరాకు 48 లక్షల లీటర్లు. అదే అంకెను నేను చార్టు మీద చూపిస్తే బోర్లడిగారు, ఆమె గింజలు పరిపిస్తే గొడవ మొదలైంది. ఆ ఎకరాలు మాయి, కాదు మాయి అని అరుచుకున్నారు. రబీ శెనక్కాయకైతే పది కాయలు, కొర్రకైతే ఆరు. రాత్రి పదిన్నర దాకా గింజలు పేరుస్తూనే ఉన్నారు. ఆ రోజు నుంచి ఆ ఊళ్లో ఆమె ఒక్క అంకె కూడా నోటితో చదవలేదు. చదివేది ఊరివాళ్లే, వాళ్లకు అందకపోతే మళ్లీ చదివేదీ వాళ్లే. సంస్థ మనిషి అంకె చదివితే అది సంస్థ అంకె అయిపోతుందని ఆమె నమ్మకం.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం గురించి చాలామందికి తెలుసు. 1369లో బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించాడు. చెరువు కట్టడానికి కావాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో ఉన్నాయి. నీళ్లు తక్కువై, తడపాల్సిన నేల ఎక్కువ కావడం ఆ ఆరింటిలో ఒకటి. నేను ఏ శిక్షణకు పోయినా ఈ మాట చెప్తా. మేం చేస్తున్నది పరాయి దేశపు విద్య కాదని, ఈ సీమలోనే ఆరున్నర శతాబ్దాల కిందట రాతి మీద చెక్కిన జాగ్రత్తని రైతులకు తెలియాలి.

కొలిచే పని ఎలా ఉంటుందో కొంచెం దగ్గరగా చెప్పాలి. మోటారు ఆడుతుండగా కొలిస్తే అంకె తప్పు, ఆగిన కాసేపటికి కొలిచినా తప్పే, మట్టం నిలదొక్కుకోవాలి. అందుకని త్రీ ఫేజు కరెంటు రాకముందే, తెల్లవారుజామున పోవాలి. కేసింగు, అంటే బోరులో దించిన బయటి గొట్టం, మూత పక్కకు జరిపి, పైపుకూ కేసింగుకూ మధ్య సందులోంచి టేపు వదలాలి. టేపు చివర ఇత్తడి ముల్లు. ముల్లు నీళ్లు తాకగానే పైన చక్రంలో బజరు మోగుతుంది. కొంచెం పైకి లాగితే ఆగుతుంది, దించితే మళ్లీ మోగుతుంది. ఆ హద్దు దగ్గర బొటనవేలు గోరు టేపుకు ఆనించి అంకె చదవాలి. కొత్తవాళ్లు పైపు గోడకు అంటిన తడికే బజరు మోగితే అదే మట్టమని రాసేస్తారు. మూడుసార్లు దించి మూడుసార్లూ ఒకటే వస్తేనే రాయాలన్నది మా నియమం. బోరు ఎంత పోస్తుందో చూడ్డానికి ఇరవై లీటర్ల బకెట్టు, ఫోన్లో స్టాప్‌వాచ్. పది సెకన్లలో నిండితే సెకనుకు రెండు లీటర్లు. ఊళ్లో ఎవరూ లీటర్లు అనరు, ఇంచీలే అంటారు. పుస్తకంలో రెండూ రాశాం.

2013 నుంచి 2018 దాకా చాలావరకు గడ్డు సంవత్సరాలే, 2018 మరీ గడ్డు. లెక్క నిలబడింది. రబీలో బోరు కింద వరి వేయడం ఆ ఊళ్లో ఆగిపోయింది. ఎండిన బోరు బదులు తప్ప కొత్త బోరు వేయకూడదని కట్టుబాటు చేసుకున్నారు. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచే ఉంది, అనుమతి లేకుండా బోరు వేయకూడదు. చట్టం ఉన్నా రాత్రిపూట తమిళనాడు తిరుచెంగోడు నుంచి బోరు వేసే లారీ వచ్చి తెల్లారేసరికి బోరు దింపి పోవడం ఈ జిల్లాలో ఎవరూ చూడనిది కాదు. ఆ ఊళ్లో మాత్రం ఒక రాత్రి లారీ వస్తే పది మంది పోయి రచ్చకట్ట దగ్గర ఆపేశారు. చట్టం పేరు ఎత్తలేదు, పుస్తకం తెరిచి చూపించారు. ఆ వార్త విన్న రోజు నాకు కళ్లు తడి అయ్యాయి. ఎకరా వరికి ఇరవై నాలుగు ఎకరాలన్న ముక్క ఒక లారీని వెనక్కి తిప్పింది.

ఆ గెలుపు లోపలే తప్పు దాగి ఉంది. ఒకటి కాదు, మూడు తప్పులు.

మొదటిది నాది. 2016లో కొత్త ప్రాజెక్టు వచ్చింది. డబ్బిచ్చే సంస్థ మంచి సంస్థే, నియమాలే గట్టివి. పనిచేసే ప్రతి మనిషికీ ఏదో ఒకటి చెల్లించినట్టు చూపించాలన్నారు. బోర్లు కొలిచే ముగ్గురు కుర్రాళ్లకు నెలనెలా గౌరవ వేతనం పెట్టాను. అక్క వద్దంది. పాలకేంద్రంలో పాల డిగ్రీ (చిక్కదనం) చూసేవాడికి జీతం ఉన్నప్పుడు బోరు కొలిచేవాడికెందుకు ఉండకూడదని నేనే వాదించాను. న్యాయంగానే తోచింది. ఆరు నెలల్లో ఊళ్లో మాట మారింది. "మన పుస్తకం" అన్నది "సంస్థోళ్ల పుస్తకం" అయింది. కొలత ఆలస్యమైతే ఊళ్లో చెప్పడం మానేసి నాకు ఫోన్ చేసేవాళ్లు.

రెండోది అదే సంస్థ పట్టుబట్టిన యంత్రాల సంగతి. బోర్లలో తమంతట తాము కొలిచి ఫోనుకు పంపే సెన్సర్లు పెడదామన్నారు. రాష్ట్ర భూగర్భ జల శాఖకు అలా నమోదు చేసే పీజోమీటర్లు, అంటే నీటిమట్టం కొలవడానికే వేసిన బోర్లు, ఉన్నాయి, చాలా మంచి పని, వాటి అంకెలు మేమూ వాడతాం. ఊళ్లో పెట్టడానికి మాత్రం అక్క ఒప్పుకోలేదు. తెల్లవారుజామున ముగ్గురు మనుషులు బోరు దగ్గర నిలబడి వింటే ఆ మాట సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది, ఫోనుకు వచ్చిన అంకె ఫోనులోనే ఉంటుందని ఆమె వాదన. ఆ విషయంలో ఆమెదే సరి అని ఇప్పటికీ అంటాను. తప్పెక్కడంటే, ఆ మాట వల్ల ఆ సంస్థతో సంబంధం చెడింది, తర్వాతి విడత డబ్బు రాలేదు. దానికి తగ్గ ఏర్పాటు మేం ముందే చేసుకుని ఉండాల్సింది. కాదనడం ఎంత నాయకత్వమో, కాదన్న తర్వాత జీతాలు ఎక్కడి నుంచి వస్తాయో చూసుకోవడం కూడా అంతే నాయకత్వం. ఆ రెండో సగం మేమెవరం చూడలేదు.

మూడోది అన్నిటికంటే పెద్దది, అన్నిటికంటే ఆలస్యంగా కనిపించింది. నీటి కమిటీలో పదిహేను మంది ఉన్నారు. పదిహేను మందీ బోరున్న రైతులు, పదిహేను మందీ మగవాళ్లు. భూమి కింద నీళ్లు ఊరందరివీ అని గింజలు పరిచి చెప్పిన మేమే, బోరు లేనివాళ్లను కమిటీలోకి రానివ్వలేదు. ఎవరూ కావాలని చేయలేదు. కొలిచేది బోర్లు కాబట్టి బోర్లవాళ్లే కమిటీ అన్నాం, అంతకు మించి ఆలోచించలేదు.

2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి సవరణ వచ్చింది. విదేశాల నుంచి డబ్బు అందుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు ఇవ్వకూడదన్నది అందులో ముఖ్యమైనది. పెద్ద సంస్థల చేతుల మీదుగా డబ్బు అందుకునే మాలాంటి చిన్నవాళ్లకు ఆ నెలతోనే దారి మూసుకుపోయింది. తొమ్మిది మందిమి నలుగురం అయ్యాం. గౌరవ వేతనం ఆపేశాం. కుర్రాళ్లు మర్యాదగానే టేపు తెచ్చి ఆఫీసులో అప్పజెప్పి పోయారు.

అదే సమయంలో వానలు దిగాయి. ఆ ఏడూ, తర్వాతి రెండేళ్లూ మా జిల్లా నేనెన్నడూ చూడనంత పచ్చగా ఉంది. 2021 నవంబరు వానలకు పక్కన కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయాయి. 2022 అక్టోబరులో అనంతపురం పట్నం కాలనీల్లోకే నీళ్లొచ్చాయి. మా ఊరి చెరువు మరవ పారింది. ముప్పై ఏళ్ల తర్వాత మరవ పారిందని జేగంట కొట్టి, గంగమ్మకు పొట్టేళ్లను కోశారు. మోటారు వేయకుండానే కేసింగు మీదుగా నీళ్లు పొర్లిన బోరు ఒకటి నేను కళ్లారా చూశాను. దాని చుట్టూ పిల్లలు ఆడుతున్నారు. అలాంటి చోటికి టేపు పట్టుకుని పోయి లోతు కొలుస్తామంటే ఎవరు రమ్మంటారు? "నీళ్లుండేటప్పుడు కొలిసేదేందప్పా" అన్నారు. నేనూ పట్టుబట్టలేదు. నాకూ జీతం సగమైంది, పక్క మండలంలో ఇంకో పని చూసుకుంటున్నా. అక్కకు ఆరోగ్యం బాగాలేదు.

కొలవని ఆ మూడేళ్లలో ఊళ్లో ఏం జరిగిందంటే, ముందు వరి వచ్చింది. వరి వచ్చినా ప్రమాదం చిన్నదే, అది నాలుగు నెలల పంట, నీళ్లు లేని ఏడు వేయరు. తర్వాత చీనీ (బత్తాయి) మొక్కలు వచ్చాయి. చీనీ మా జిల్లాకు పేరు తెచ్చిన తోట, రైతుకు నాలుగు డబ్బులు చూపించే తోట కూడా. మొక్క పెడితే కాపుకు రావడానికి నాలుగైదేళ్లు, ఆ తర్వాత పదిహేనేళ్లో ఇరవై ఏళ్లో ఉండాలి. ప్రతి ఎండాకాలమూ నీళ్లు కావాలి, ఒక్క ఎండాకాలం తప్పితే చెట్టు పోతుంది. రెండేళ్ల వానను చూసి ఇరవై ఏళ్ల నీళ్లకు మాటిచ్చారు. చెంబు నిండితే బాన నిండిందనుకున్నారు. ఆ తేడా చెప్పడమే మా పని. సరిగ్గా అప్పుడే మేం అక్కడ లేం. కరువులో లెక్క చెప్పడానికి పెద్ద నేర్పు అక్కర్లేదు, ఎండిన బోరే చెప్తుంది. మా అవసరం ఎక్కువగా ఉన్నది మరవ పారిన రోజున. పదేళ్ల పనిలో మేం ఒక్కసారి కూడా వాన బాగా పడిన ఏడు ఏం చేయాలో రాసుకోలేదు.

2023 ఆగస్టు లాంటి వట్టి ఆగస్టు దేశం మొత్తం మీద 1901 తర్వాత లేదు. అనంతపురం, కర్నూలు జిల్లాల్లో తర్వాత మండలాలకు మండలాలు కరువు కింద ప్రకటించారు. ఆ ఆగస్టు నెలాఖరున ఆ ఊరి పెద్దాయన, వడ్లగింజ పెట్టిన ఆయనే, బస్సెక్కి ఆఫీసుకు వచ్చాడు. "టేపు ఉందా సారూ, ఎలకలు కొట్టినాయా?" అన్నాడు. ఉంది. బ్యాటరీ మార్చి ఇచ్చాను. మర్నాడు తెల్లవారుజామున ఇద్దరం పన్నెండు బోర్లూ తిరిగాం. నాలుగింటిలో టేపు అడుగుదాకా పోయినా బజరు మోగలేదు.

స్వాతి కార్తె సభకు అక్క వచ్చింది. ఊళ్లో చాలామంది తలలు వంచుకుని ఉన్నారు, ఏమంటుందోనని. ఆమె లేచి, "తప్పు మాది. పుస్తకం మీదని చెప్పి, జీతమిచ్చి మాదాన్ని చేసుకున్నాం. మరవ పారినప్పుడు రావాల్సిన మేం రాలేదు" అంది. సంస్థ పెట్టిన మనిషి ఊరి ముందు నిలబడి అలా అనడం నా పనికాలంలో మొదటిసారి చూశాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక వరసలోంచి ఒకావిడ, పంచాయతీ కొళాయి దగ్గర బిందెలు పట్టే మనిషి, లేచింది. "తప్పు మీది కొంత, వీళ్లది కొంత అక్కా. బోర్లున్నోళ్లే కూసోని మాట్లాడుకుంటే, బోర్లు లేనోళ్ల నీళ్లు యాడికి పోవాల? తాగే నీళ్ల బోరును ఎప్పుడన్నా కొలిసినారా మీరు?" అని అడిగింది.

కొలవలేదు. పన్నెండు బోర్లలో పంచాయతీ తాగునీటి బోరు లేదు. ఆ సంగతి నేను పుస్తకం తెరిచి చూసి నిర్ధారించుకోవాల్సి వచ్చింది.

ఆ రాత్రి కమిటీ మారింది. ఇప్పుడు పదమూడు బోర్లు, మొదటి వరస తాగునీటి బోరుది. కొలిచేది మూడు పొదుపు సంఘాల ఆడవాళ్లు, వంతులేసుకుని. డబ్బు లేదు. పొదుపు కట్టే రోజునే సంఘం ముందు అంకె చదువుతారు, కొలవని సంఘం పేరు కూడా చదువుతారు. ఒక నియమం కొత్తగా రాసుకున్నారు, దాని మాటలు వాళ్లవే. చెరువు మరవ పారితే ఆ ఏడు కొలత పక్షానికి కాక వారానికి ఒకసారి తీయాలి, ఆ ఏడు ఎవరూ కొత్త తోట పెట్టకూడదు, పెట్టేదైతే మరుసటి స్వాతి సభలో అడిగి పెట్టాలి. నా పదేళ్ల చార్టుల్లో లేని నియమం అది.

చీనీ తోటల విషయం అంత సుఖంగా ముగియలేదు. 2024 ఎండాకాలానికి బోరు మిగిలిన రైతులు పక్కవాళ్ల చెట్లకు ప్రాణం నిలిపే తడి ఇచ్చేలా పైపు వేశాం. బోర్ల నీళ్లు పంచుకునే పద్ధతిని వాసన్ లాంటి సంస్థలు ముందే చేసి చూపించాయి, వాళ్ల అనుభవం అడిగి తెలుసుకున్నాం. కొందరు ఇచ్చారు. ఇద్దరు ఇవ్వలేదు, వాళ్ల తోటలూ ఆఖరి దశలోనే ఉన్నాయి, వాళ్లను తప్పుపట్టలేను. చివరికి తడి అందని తోటల్ని గొడ్డలితో కొట్టి వంటచెరుకుకు అమ్మారు. మూడేళ్లకు అటూఇటూ ఉన్న చెట్టు, ఒకట్రెండు కాయలు పట్టిన చెట్టు. బండికెత్తేటప్పుడు ఆ రైతు కొమ్మల్లోంచి పచ్చికాయలు ఏరి మా పిల్లలకని నా సంచిలో వేశాడు. తినలేక ఇంట్లో చాలా రోజులు అలాగే ఉంచుకున్నాం.

సంస్థ సంగతి. 2024లో అక్క కార్యదర్శి పదవి వదులుకుంది. వారసులెవరని బోర్డులో చాలా మాటలు నడిచాయి. చదువుకున్నవాళ్లు, ప్రాజెక్టు రాతలు బాగా రాసేవాళ్లు కావాలని కొందరు అన్నారు. ఆ అవసరం నిజమే, రాతలు రాకపోతే జీతాలు లేవు. అక్క ఒక షరతు పెట్టింది. బోర్డులో సగం మంది మేం పనిచేసే ఊళ్లవాళ్లే ఉండాలి, వాళ్లలో కనీసం ఇద్దరు బోరు లేనివాళ్లు కావాలి. సొసైటీ నియమావళి మార్చి రిజిస్ట్రారుకు పంపాం. కొళాయి దగ్గర ప్రశ్న అడిగిన ఆవిడ ఇప్పుడు మా బోర్డు సభ్యురాలు. మొదటి సమావేశంలో ఆమె అడిగిన ప్రశ్న, ఈ ఏడు జీతాలకు ఎన్ని నెలల డబ్బుంది అని. మేం ఎనిమిదేళ్లు ఒకరినొకరం అడగని ప్రశ్న అది. ఇప్పుడు ఖర్చులో ఒక భాగం జిల్లాలోని వాళ్ల దగ్గరే చిన్న చిన్న చందాలుగా పోగు చేస్తున్నాం. కష్టంగానే నడుస్తోంది.

పోయిన స్వాతి కార్తెకు వారం ముందు కొలత రోజున వెళ్లాను. వంతు ఉన్న ఇద్దరూ అత్తాకోడళ్లు. చీకటి పోలేదు, ఫోను లైటు కోడలి నోట్లో ఉంది. అత్త టేపు వదులుతోంది. నేను పక్కనే నిలబడ్డా, చెయ్యి వేయలేదు. బజరు మోగింది. కోడలు అంకె చదవబోయింది. "తొందరపడాకమ్మా, అది పైపు తడి. ఇంగోసారి దించు" అంది అత్త. మూడుసార్లు దించారు. మూడోసారి ఇద్దరూ ఒకేసారి తలూపి, అంకె పుస్తకంలో రాసి, తర్వాతి బోరుకు నడిచారు.